ఎడమ పక్క ఎవరిది?

“సంతకం పెట్టేసి ఉంటే ఈపాటికి ఇంటికెళ్ళి హాయిగా నడుం వాల్చేవారు. మీకూ విశ్రాంతి, మాకూ విశ్రాంతి.”

డిటెక్టివ్ తలుపు తోసుకుని వచ్చేసరికి విజిలెన్స్ ఆఫీసరు ఈ మాట అంటున్నాడు. బల్లకి అవతల కూర్చున్నావిడ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ముందు తప్పు ఒప్పుకుంటున్నట్టు టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను ఉన్నాయి. ఆ పెన్ను ఎక్కడ అంటుకుంటుందో అన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది.

డిటెక్టివ్‌కి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, డిపార్టుమెంటులో అందరికీ ఆవిడ ఎందుకమ్మ. ఎవరేం చెప్పినా మెత్తగా “ఎందుకమ్మా?” అనడం ఆవిడకి అలవాటు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, ఆ తర్వాతే దొంగల సంగతి చూసుకునే మనిషి. పెద్ద చదువులు చదవలేదు. అందుకే తెలియనిది అడగడానికి మొహమాటపడదు.

“వచ్చారా? మీరొచ్చేలోపే కేసు అయిపోయిందండి. ఊరికే శ్రమ పడ్డారు,” అన్నాడు ఆఫీసరు.

“అయిపోయిన కేసుకి నన్నెందుకు పిలిచారంటారు?”

“నేను పిలవలేదు. కమిటీలో ఎవరో పెద్దమనిషికి అనుమానం తీరలేదట.”

“నాకూ తీరలేదు బాబూ. అసలు ఏం జరిగిందో తెలిస్తే కదా తీరడానికి! మొదట్నుంచీ చెప్పండి.”

సంగతి ఇది. ఆ సముద్ర పరిశోధన సంస్థలో పొలుసు పురుగుల మీద పనిచేసే శాస్త్రజ్ఞురాలు ఆ కూర్చున్నావిడ. అందరూ పొలుసమ్మ అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే గాని, ఇప్పుడు ఫోనెత్తితే ఆవిడే “పొలుసమ్మని మాట్లాడుతున్నా” అంటుంది. చిటికెనవేలంత కూడా ఉండవు ఆ పురుగులు. సముద్రం అడుగున పాకుతుంటాయి. వీపు మీద ఇంటి పెంకులు పేర్చినట్టు జతలు జతలుగా పొలుసులుంటాయి. ఒకే జాతి అనుకుని ఎప్పటినుంచో అందరూ ఒకే గంపలో వేసిన పురుగుల్ని ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చుని, ఒక్కొక్కటీ పట్టి చూసి, విడదీసింది. తీరానికి దూరంగా నీళ్ళలో మునిగి ఉన్న ఒక దిబ్బ మీది పురుగు వాటి వంశమే కాదనీ, వేరే జాతి అనీ తేల్చింది. మామూలువాటికి పదిహేను జతల పొలుసులు. దీనికి పన్నెండే.

ఆ దిబ్బని తవ్వి ఇసుక తీసుకుపోతామని ఒక కంపెనీ అడుగుతోంది. ఆ జాతికి లోకం మొత్తంలో ఇల్లు అదొక్కటే అని రుజువైతే తవ్వనివ్వరు. రుజువేమో ఒక చిన్న సీసాలో ఉంది. కొత్త జీవికి పేరు పెట్టేటప్పుడు ఒక్కదాన్ని మూల నమూనాగా ఎంచి ఆల్కహాలులో భద్రం చేస్తారు. ఆ పేరు ఆ ఒక్క నమూనాదే. ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూడాలి. ఇవాళ పొద్దున కమిటీ నిపుణులు ఆ సీసా తెరిచారు. లోపల ఉన్నది మామూలు పురుగు.

“మూడు జతల పొలుసులు పీకేసి, పన్నెండే ఉన్నాయని అందర్నీ నమ్మించిందండి ఈ మహాతల్లి!” అన్నాడు ఆఫీసరు. “కమిటీ మేడమీద కూర్చునుంది. సాయంత్రానికల్లా డైరెక్టరుగారు ఈవిడ్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. తవ్వకానికి మా అభ్యంతరం లేదని ఆ చేత్తోనే ఇంకో సంతకం పెడతారు. పని పూర్తి.”

ఎందుకమ్మ కుర్చీ లాక్కుని పొలుసమ్మ పక్కన కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన.

“మీరు పీకారామ్మా?”

“పొలుసు ఊడినా దాని కింద పీట ఊడదండి,” అంది పొలుసమ్మ. “ప్రతి పొలుసూ చిన్న బొడిపె మీద కూర్చుంటుంది. మేం దాన్ని పీట అంటాం. ఎవరైనా పట్టుకుంటే పురుగు తనే పొలుసులు రాల్చేసి పారిపోతుంది. సీసాలోకి చేరేసరికి సగం ఊడే ఉంటాయి. అందుకే మేం పొలుసులు లెక్కపెట్టం, పీటలు లెక్కపెడతాం. కాలేజీలో చేరిన మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. మోసం చెయ్యాలనుకున్నదాన్ని ఇంత పిచ్చి మోసం చేస్తానా చెప్పండి?”

“తెలివైనవాళ్ళే తెలివితక్కువ పనులు చేస్తారు,” అన్నాడు ఆఫీసరు.

“అయితే మనిద్దరం ఎప్పటికీ చెయ్యం లెండి,” అంది ఎందుకమ్మ అతనివైపు తిరక్కుండానే. “పొలుసమ్మగారూ, ఆ సీసాలో ఉన్నది మీ పురుగు కాదంటారా?”

“నేను చూస్తే కదండీ చెప్పడానికి! పొద్దున్నుంచీ ఈ గదిలోనే పెట్టారు. నన్ను సీసా చూడనివ్వలేదు, బాబాయితో మాట్లాడనివ్వలేదు.”

“బాబాయి ఎవరు?”

“మా నాన్నకి సొంత తమ్ముడు. ఇక్కడే స్లైడ్లు తయారుచేస్తాడు. నేను ఫ్రాకులేసుకునే వయసులో నాకు మొదటి పొలుసు చూపించింది ఆయనే.”

“మీ పురుగుని మీరెలా పోల్చుకుంటారమ్మా? అన్నీ ఒకలాగే ఉంటాయేమో కదా?”

పొలుసమ్మ ముఖంలోకి అప్పుడే కాస్త ప్రాణం వచ్చింది. “అది కడుపుతో ఉన్నదండి. కాళ్ళ మొదళ్ళ దగ్గర గుడ్లు కనిపిస్తాయి. పిల్ల పురుగులకి పొలుసులు తక్కువుంటాయి కదా, ఇది పిల్లేమో అని ఎవరూ అనకుండా తల్లినే ఎంచాను. ఇంకోటి, కుడి పక్క ఒక కాలు నేనే కోశాను. కాలిలోని వెంట్రుకలు చూడందే జాతి తేలదు, కొయ్యక తప్పదు. ఎప్పుడు కోసినా కుడి పక్కే కోస్తాను. ఎడమ పక్క తాకను.”

“ఎందుకమ్మా?”

“ఎడమ పక్క తర్వాతివాళ్ళది.”

“అర్థం కాలేదు.”

“నేను తప్పు చూసి ఉండొచ్చు కదండీ. నా తర్వాత ఎప్పుడో ఎవరో వచ్చి, ఇది చెప్పినావిడ సరిగ్గానే చూసిందా అని అడుగుతారు. వాళ్ళు చూసుకోడానికి ఒక పక్క చెక్కుచెదరకుండా మిగలాలి. మా గురువుగారు అలాగే చేసేవారు. ఆయన గురువుగారు కూడా అంతేనట.”

ఎందుకమ్మ ఎన్నో ఏళ్ళుగా ఎంతోమందిని ప్రశ్నించింది. నాది తప్పయి ఉండొచ్చు అని ముందే ఒప్పుకుని, ఆ తప్పు పట్టుకోబోయే మనిషి కోసం సగం ఒళ్ళు దాచిపెట్టే నేరస్థుణ్ణి ఎక్కడా చూడలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడైనా తను అంత నిజాయితీగా ఉంటోందా అని ఒక్క క్షణం అనుకుంది.

“సీసా చూద్దాం పదండి,” అంది ఆఫీసరుతో.

* * *

నమూనాల గది పొడుగ్గా, చల్లగా ఉంది. గోడ పొడవునా బీరువాలు. బీరువా తాళాలు ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతుంటాయని, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చని ఆఫీసరే చెప్పాడు.

“మరి పొలుసమ్మే చేసిందని మీరెందుకు అనుకున్నారు?”

“పేరు ఎవరికొస్తుందో తప్పూ వాళ్ళదే కదండీ!”

అతను పింగాణీ గిన్నెలో ఉన్న పురుగుని రెండు కళ్ళ మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఇది వస్తువుని ఉన్నదున్నట్టు పెద్దది చేసి చూపించే రకం. ఎందుకమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగింది. వంగిన మనిషి లేవలేదు.

బూడిదరంగు దారప్పోగు అనుకున్నది ఒక ఊరేగింపులా ఉంది. మిగిలిన పొలుసులు ఒకదాని అంచు మీద ఒకటి సర్దుకుని ఉన్నాయి. ఒక్కో పొలుసు మీదా ఆవగింజలు అద్దినట్టు బొబ్బలు, అంచున సన్నని కుచ్చు. రెండు పక్కలా కాళ్ళు, కాలికో బంగారు వెంట్రుకల గుత్తి. పొలుసులు ఊడిన చోట గుండ్రటి చిన్న చిన్న పీటలు, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఖాళీగా ఉన్నాయి. వెలుతురే లేని సముద్రం అడుగున, ఎవరూ చూడని చోట, పాకే పురుగు వీపు మీద ఇంత నగిషీ ఎవరి కోసం చెక్కాడో ఆ స్వామి! మామూలు పురుగే ఇలా ఉంటే ఆ దిబ్బ మీది పురుగు ఇంకెలా ఉంటుందో! తనకి తెలియకుండానే ఎందుకమ్మ చేతులు జోడించింది.

“పురుక్కి దండం పెడుతున్నారేంటండీ?” అని ఆఫీసరు పకపకా నవ్వాడు.

ఆ నవ్వుకి గుమ్మం దగ్గర నీడ కదిలింది. తెల్లకోటులో ఒక పెద్దాయన నిలబడి చూస్తున్నాడు. ఎందుకమ్మ తలెత్తగానే చరచరా వెళ్ళిపోయాడు.

“ఎవరాయన?”

“వాళ్ళ బాబాయే. పొద్దున కమిటీ ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అన్న కూతురి పరువు పోతుంటే ఒక్క మాటైనా అనలేదు.”

ఎందుకమ్మ మళ్ళీ గిన్నెలోకి చూసింది. “తల నాకు అవతల ఉంది. వీపు పైకుంది. అంటే దాని ఎడమ, నా ఎడమ ఒకటే కదా?”

“ఒకటే.”

“కోసిన కాలు ఎడమ పక్కనుంది బాబూ.”

ఆఫీసరు వంగి చూశాడు. “ఉంటే?”

“ఆవిడ ఎడమ పక్క కొయ్యదు.”

“ఆవిడ చెప్పింది, మీరు నమ్మారు. ఆ రోజు చెయ్యి జారి ఉంటుంది.”

“ఇక్కడ ఆవిడ చూసిన పురుగులు బీరువాల నిండా ఉన్నాయి. మీ ఇష్టం వచ్చిన సీసా తియ్యండి. ఎడమ కాలు కోసినది ఒక్కటి చూపిస్తే ఆ కాగితం మీద నేనే సంతకం పెట్టిస్తాను.”

ఆఫీసరు రోషంగా బీరువా తెరిచాడు. ఒక సీసా తీశాడు, ఇంకొకటి తీశాడు, కింది అరలోంచి ఒకటి, వెనక వరసలోంచి ఒకటి. తీసిన ప్రతిదానికీ కుడి కాలే లేదు. ఎడమ పక్కలన్నీ వరసగా, నిండుగా, వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. చివరి సీసా పెట్టేటప్పుడు అతను మూత చాలా జాగ్రత్తగా బిగించడం ఎందుకమ్మ గమనించింది.

“సరే, ఎవరో మార్చారే అనుకుందాం,” అన్నాడు నీళ్ళు నములుతూ. “కాలు కొయ్యాలని తెలిసినవాడు, ఏ కాలో తెలియకుండా ఉంటాడా?”

“అదే నేనూ ఆలోచిస్తున్నాను. స్లైడ్ల గది ఎటు?”

* * *

స్లైడ్ల గదిలోకి ఆఫీసరుని రానివ్వలేదు ఎందుకమ్మ. “కాసేపు బయట కూర్చోండి బాబూ, మిమ్మల్ని చూస్తే నాకే భయం వేస్తోంది, పెద్దాయన నోరెలా విప్పుతాడు?” అంది. అతను మూతి ముడుచుకుని వరండాలో నిలబడ్డాడు.

బాబాయి గాజు ముక్కలు తుడుస్తున్నాడు. తుడిచినవే తుడుస్తున్నాడు. ఎందుకమ్మ ఏమీ అడగకుండా బల్ల మీదున్న మైక్రోస్కోపు దగ్గర కూర్చుంది. ఇది పలచటి కోతలు చూసే పెద్ద రకం.

“నేను చూడొచ్చా?”

“చూడండమ్మా.”

ఏదో జీవి తాలూకు ముక్క గులాబీరంగులో మెరుస్తోంది. పక్కన ఇంకా ఏముందో చూద్దామని ఎందుకమ్మ స్లైడుని వేలితో కుడివైపు జరిపింది. బొమ్మ ఎడమకి పరిగెత్తింది. ఎడమకి జరిపింది. బొమ్మ కుడికి వచ్చింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఇందులో అన్నీ తిరగబడి కనిపిస్తాయా?”

“ఆ రకమంతా అంతేనమ్మా. చేతికి అలవాటైపోతుంది.”

“మీరు ఆ పురుగు కాలు దీని కింద పెట్టి కోశారా?”

గాజు ముక్క బాబాయి చేతిలోంచి జారి బల్ల మీద పడింది. పగల్లేదు.

“దీని కింద పురుగంతా కనిపించదు, ఒక్క ముక్కే కనిపిస్తుంది,” అంది ఎందుకమ్మ నెమ్మదిగా. “తల అవతలికి పెట్టుంటారు. కుడి కాలు కోద్దామని అద్దంలో కుడి పక్కకి చూసుంటారు. తెగిందేమో ఎడమ కాలు.”

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. “ఇన్నేళ్ళుగా నేను చూసేవన్నీ ముక్కలమ్మా. ముక్కకి కుడేమిటి, ఎడమేమిటి! ఆ ధ్యాసే రాలేదు.”

“మీ పిల్లని మీరే ఎందుకిలా చేశారు?”

“దాన్ని కాపాడదామనే!” అని తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. “మూల నమూనాకి తోడుగా ఇంకో రెండు సీసాలుంటాయి, అదే రకం పురుగులతో. మొన్న స్లైడు కోసం ఒకటి తీశాను. మూత తియ్యగానే కళ్ళు మండాయి. ఆల్కహాలు వాసన కాదు, బ్లీచింగు. లోపల పురుగు లేదు, పిప్పి ఉంది. రెండోదీ అంతే. ఎవరో ఒక్కొక్కటే కరిగించుకుంటూ వస్తున్నారని అర్థమైంది. మిగిలింది మూల నమూనా ఒక్కటే. దాన్ని తీసి దాచి, ఆ సీసాలో మామూలు పురుగుని, తేడా తెలియకుండా కాలు కోసి పెట్టాను. దొంగవెధవ దాన్ని కరిగించుకుని సంబరపడతాడు, కమిటీ వచ్చేనాటికి అసలుది బయటపెడదాం అనుకున్నాను. వచ్చే వారం రావలసిన కమిటీ ఇవాళ పొద్దున్నే దిగింది.”

“అప్పుడే చెప్పాల్సింది కదా?”

“ఎవరి ముందు చెప్పమంటారు? ఏ సీసాలో ఏముందో తెలిసినవాళ్ళందరూ ఆ గదిలోనే కూర్చున్నారు. చేసినవాడు వాళ్ళలో ఒకడు. దాచిన చోటు నా నోటితో చెప్తే ఇంకేం మిగులుతుంది? మా పిల్లకొక్కదానికే చెప్దామంటే దాన్ని గదిలో పెట్టి తాళం వేశారు.” కళ్ళు తుడుచుకున్నాడు. “మీరు పురుగుని చూసి దండం పెట్టారు. మీకు చెప్పొచ్చనిపించింది.”

“ఎక్కడ పెట్టారు?”

“కింద ప్రాక్టికల్స్ గదిలో. కాలేజీ పిల్లలు కోసి నేర్చుకునే పురుగుల సీసా ఒకటుంది. వాటి మధ్యలో వేశాను. అందులోంచి దాన్ని వేరు చెయ్యడం మా పిల్ల ఒక్కదానికే సాధ్యం. నాక్కూడా చేతకాదు.”

ఎందుకమ్మ ఆఫీసరుని లోపలికి పిలిచి సంగతంతా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దనీ, ముందు పొలుసమ్మ గది తాళం తియ్యమనీ అంది. అతను విన్నకొద్దీ ముఖం మాడ్చుకున్నాడు. అయినా జేబులోంచి తాళంచెవి తీశాడు. ముగ్గురూ ఆ గదికి వెళ్ళి పొలుసమ్మని వెంటబెట్టుకుని కిందికి వస్తుంటే దారిలో అతను రెండు మెట్లు వెనకబడి ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం ఎందుకమ్మ చూసింది. “ఎవరితో?” అంటే, “ఇంట్లోవాళ్ళతోనండీ, ఆలస్యమవుతుందని,” అన్నాడు.

* * *

ప్రాక్టికల్స్ గది తలుపు తియ్యగానే ఘాటు ముక్కులో గుచ్చుకుంది.

బల్ల మీద పెద్ద సీసా. మూత వంకరగా ఉంది. సీసా చుట్టూ బల్ల ఇంకా తడిగా ఉంది.

“బ్లీచింగు!” అని బాబాయి అరిచాడు. “అమ్మాయ్!”

పొలుసమ్మ అప్పటికే సీసా ఎత్తేసింది. తొట్టిలో జల్లెడ పెట్టి మొత్తం కుమ్మరించి, కుళాయి పూర్తిగా తిప్పింది. “నీళ్ళు పొయ్యండి, ఆపకుండా పొయ్యండి! బాబాయ్, కొత్త ఆల్కహాలు!” చేతులు మండుతున్నా పట్టించుకోలేదు. జల్లెడలో పురుగులు గుట్టగా పడున్నాయి. అప్పుడే కొన్నిటి పొలుసులు తెల్లబడి జారుతున్నాయి. ఎందుకమ్మ కళ్ళకి అన్నీ ఒకటే.

పొలుసమ్మ వాటి మీదికి వంగి ఊపిరి బిగబట్టింది. వేళ్ళతో కాదు, సన్నని కుంచెతో ఒక్కొక్కదాన్నీ పక్కకి తప్పిస్తోంది. పెళ్ళి పందిట్లో తప్పిపోయిన తన పిల్లని వెతుక్కునే తల్లికి మిగతా పిల్లల ముఖాలు ఎలా కనిపించవో అలా ఉంది ఆవిడ చూపు. ఇది కాదు. ఇదీ కాదు. కుంచె ఆగింది.

“ఇదిగో నా తల్లి!” అంది.

గిన్నెలో పడ్డ ఆ చిన్న ప్రాణం లేని ఒంట్లో, కాళ్ళ మొదళ్ళ దగ్గర నూకల్లాంటి గుడ్లు. కుడి పక్క ఒక కాలు లేదు. ఎడమ పక్క నిండుగా ఉంది.

ఎందుకమ్మ దేవుణ్ణి తలుచుకుని వెనక్కి తిరిగింది. “ఇక్కడ పెట్టామని తెలిసినవాళ్ళం నలుగురం. నలుగురమూ ఇప్పటిదాకా కలిసే ఉన్నాం. ఐదోవాళ్ళకి ఎలా తెలిసింది బాబూ?”

ఆఫీసరు తడి బల్లనీ, తన చేతిలో ఫోనునీ మార్చి మార్చి చూశాడు.

“నేను... ఇంటికి కాదండి, డైరెక్టరుగారికి చేశాను. మీకంటే ముందు నేనే చెప్పానని అనిపించుకుందామని. అసలుది దొరికింది సార్, ప్రాక్టికల్స్ సీసాలో ఉందట అన్నాను. ఆయన ‘చాలా మంచి పని చేశావు’ అన్నారు. ఆయనకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. కమిటీని వారం ముందుకి జరిపిందీ ఆయనే.”

ఆ మాట పూర్తికాకుండానే బయట తలుపు గడియ పడింది. వరండాలో ఎవరో వడివడిగా మెట్లెక్కి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది.

“సార్! సార్, లోపల మేమున్నాం!” అని ఆఫీసరు తలుపు బాదాడు.

“ఉన్నామనే వేశాడు,” అంది ఎందుకమ్మ. “మేడమీద కమిటీ కూర్చునే ఉంది. రెండు సంతకాలు పెట్టేదాకా మనం ఇక్కడుంటే ఆయనకి చాలు. తర్వాత పురుగు మిగిలినా ఒకటే, కరిగినా ఒకటే. ఫోను చేసి చూడండి.”

“కమిటీవాళ్ళ ఫోన్లన్నీ ఆయన గదిలోనే పెట్టించారండీ. రహస్య సమావేశమని. బయటివాళ్ళని పిలిచినా వాళ్ళొచ్చేలోపు సంతకాలు అయిపోతాయి.”

బాబాయి కిటికీ ఊచలు పట్టుకుని లాగి చూశాడు. ఘాటుకి దగ్గొచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుంది ఎందుకమ్మ. ఈ గందరగోళమేదీ పొలుసమ్మ చెవికెక్కినట్టు లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని, పొలుసులు సగం ఊడిన ఆ వీపు మీద సూది మొన తాకీ తాకనట్టు జరుపుతూ పెదాలు కదుపుతోంది. ఎందుకమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడ పీటలు లెక్కపెడుతోంది.

“...పది. పదకొండు. పన్నెండు.” సూది ఆగింది. “ఆ తర్వాత పీట లేదు.”

పురుగుని కొత్త ఆల్కహాలులోకి దింపి, మూత బిగించి, సీసాని పిడికిట్లో పట్టుకుని పొలుసమ్మ లేచి నిలబడింది. పొద్దున్నుంచీ తనని కాగితం ముందు కూర్చోబెట్టిన మనిషివైపు మొదటిసారి తిన్నగా చూసింది.

“ఆఫీసరుగారూ, నేను తయారు. తలుపు బద్దలుకొట్టండి.”